అంజీర మోడు

నేపర్‌విల్ నుంచి చికాగో వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న తెలుగావిడ పేరు నేను అడగలేదు. ఆవిడే నా గోళ్లలో మట్టి చూసి, "గార్డెనింగ్ చేస్తావామ్మా?" అంది.

ఎందుకో చెప్పేశాను. మా పక్కింటి ముసలాయన ఏటా చలికాలానికి ముందు తన అంజీర చెట్టు మంచుకి చావకుండా దాన్ని వంచి, గోతిలో పడుకోబెట్టి మట్టి కప్పేవాడు. కిందటేడు మోకాళ్లు నొప్పని ఆ పని నాకు అప్పగించి, ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్లాడు. నేను ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగానే నేల గడ్డకట్టింది. మే వచ్చినా చిగురు లేదు. మర్నాడు ఆయన వస్తున్నాడు. ఆ మోడు ఆయన కంటపడకూడదని ఆ రోజు పొద్దున్నే వేళ్లతో సహా పెకలించి చెత్తబండి ఎక్కించేశాను.

"మొదలు దగ్గర గోరుతో గోకి చూశావా? పైనంతా ఎండినా, జూన్‌లో వేరు నుంచి చిగురేస్తుంది."

"చూడలేదాంటీ."

"పోన్లేమ్మా, ఆ చలికి వేరు కూడా చచ్చే ఉంటుందిలే," అంది.

పొద్దున పార దెబ్బకి వేరు తెగినచోట పచ్చిగా పాలు కారడం నేను చూశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆయనకీ ఇంతవరకు చెప్పలేదు.