త్రిభుజానికి మూడవ చేయి

నరసింహమూర్తి మాస్టారు ఓడరేవు పక్కనున్న మల్కాపురంలో, మేడమీది రెండు గదులలో ఒంటరిగా నివసిస్తున్నారు. గోదావరి సీమనుండి ఉద్యోగానికై వచ్చి, ఇక్కడి బడిలోనే లెక్కలు చెప్పి విశ్రాంతి పొందారు. భార్య సూర్యకాంతమ్మ గతించిన పిమ్మట ఆ మెట్లెక్కి వచ్చేది కనకరత్నం ఒక్కతే. క్యాంటీనులో వంటచేసే ఆమె నడివయసులో పదవ తరగతి పరీక్షకు పూనుకొని, ఆయనవద్ద లెక్కలు చెప్పించుకొంటున్నది. ఆమె వచ్చిన సాయంత్రాలలోనే ఆయన గొంతు ఆయనకు వినిపించేది.

ఆనాడు ఆమె కూర్చోలేదు. పుస్తకాన్ని బల్లమీద పెట్టింది.

"రేపట్నుంచి నాను రాను మాస్టారూ. ఈ రేఖాగణితం నా బుర్రకెక్కదు. పరీచ్చ మానేత్తాను."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకొన్నారు.

"ఏది ఎక్కలేదమ్మా?"

"భుజం, భుజం అంతారు. గీతలకి భుజాలేటండి? ఏటి మోత్తాయవి?"

"సంస్కృతంలో భుజమంటే చేయి. వంగడమనే అర్థం గల ధాతువునుండి పుట్టింది. చేయి వంగుతుంది గనుక ఆ పేరు. మూడు చేతులు గలది త్రిభుజం."

"మూడు సేతులెవులికుంతాయి? రెండుంటేనే మా సూపర్‌వైజరు నాలుగు గరిటెలిత్తన్నాడు."

ఆయన చాలాకాలానికి నవ్వారు. బడిలో ఈ పాఠాన్ని ఆయన నల్లబల్లమీద ఆరంభించేవారు కారు. ముగ్గురు పిల్లలను నిలిపి, ఒక్కొక్కరిని పక్కవారి భుజంపై చేయి చాపి వేయమనేవారు. ఇంట ఒక్కరే విద్యార్థి ఉంటే మూడవ మూలకు భార్య వచ్చేది.

ఆ అలవాటుకొద్దీ ఆయన వంటింటివైపు తిరిగారు.

"సూర్యకాంతం! ఒక్కమారు రా."

వంటింట చీకటిగా ఉన్నది. రేవులో ఏదో ఓడ కూసింది. మాస్టారు ఇటు తిరగలేకపోయారు.

కనకరత్నం గోడకు చేరవేసి ఉన్న చేతుల కుర్చీని గది నడుమకు లాగింది.

"అమ్మగారి కుర్సీయే కదా? దీనికీ సేతులున్నాయి. ఈవిడే మూడో మనిషి. రండి మాస్టారూ, ఏటనుకోకండి."

ఆమె ఆయన భుజంపై చేయి వేసింది. ఆయన కుర్చీ వీపుపై చేయి వేశారు. కుర్చీ చేయి ఆమె నడుమును తాకుతున్నది.

"ఇప్పుడు నీ చేయి తీయకుండా అవతలికి జరుగు," అన్నారాయన.

ఆమె జరగబోయింది. ఆయన ఒరిగారు, కుర్చీ కిర్రుమని ఆయన వెంట కదిలింది.

"ఓలమ్మా! నాను జరిగితే మీరూ, అమ్మగారూ జరగాల్సిందే!"

"అంతేనమ్మా. చేతులు విడవకుంటే, ఒక్క మూల కదిలినా మిగతా రెండూ కదలవలసిందే."

కనకరత్నం పుస్తకం తీసుకొని చంకలో పెట్టుకొన్నది.

"సరే, పరీచ్చ అయ్యేదాకా వత్తాను మాస్టారూ."

ఆమె చెప్పుల చప్పుడు మెట్లవెంట దిగిపోయింది. భుజంమీద ఆమె చేయి ఉన్నచోట వెచ్చదనం కొంతసేపు నిలిచింది. పరీక్ష వచ్చే నెలలోనే. మాస్టారు కుర్చీని గోడవైపు జరపబోయి ఆగారు. దాని వీపుమీది తన చేతిని మాత్రం తీయలేదు.