గులాబీ రంగు గొట్టాలు

ఝరణా బిశ్వాల్ పంతొమ్మిదేళ్లుగా కటక్‌లోని ఒక ఆసుపత్రిలో రక్తం తీస్తోంది. చిన్నాపెద్దా అందరికీ ఆమె అపా, అంటే అక్క. మెట్ల మూలల్లో చారలు కట్టిన పాన్ ఉమ్ములు, వార్డు గోడలకు తుడిచిన చేతులు చూసి చూసి ముక్కు మూసుకోవడం ఎప్పుడో మానేసింది. రోతంటే అంతకు మించి ఏముంటుందిలే అనుకునేది, డాక్టర్ సౌభాగ్య మహాపాత్ర పరిశోధనలో చేరేదాకా.

మెదడుకు రక్తం మోసే మెడ నాళంలో కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వు పగిలి, ముక్క పైకి కొట్టుకుపోతే పక్షవాతం. అది పగలబోతోందని రక్తమే ముందుగా చెబుతుందా అన్నది ఆ పరిశోధన. కణాలు వదిలే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే బుల్లి తునకలు రక్తంలో తిరుగుతుంటాయి. జబ్బు పడ్డవాళ్లలో, పడనివాళ్లలో వాటి లెక్క పోల్చాలి. ఝరణా ఇష్టంగానే ఒప్పుకుంది. వాళ్లమ్మకు ఒక పొద్దున పఖాళ చద్దన్నం గిన్నె ముందు కూర్చునుండగానే మాట పడిపోయింది మరి.

రక్తం ఇచ్చినవాళ్లలో గోవర్ధన్ బారిక్ ఒకడు. సైకిలు మీద దహీబరా, అంటే పెరుగు గారెలు, అమ్మేవాడు. పక్షవాతంతో కుడిచేయి సగమే లేస్తుంది, మాట ఆగి ఆగి వస్తుంది. అయినా సాలేపూర్ నుంచి బస్సెక్కి మూడుసార్లు పరగడుపున వచ్చాడు.

"నా రక్తంతో... ఇంకోడి మూతి... వంకర పోకుండా ఉంటే చాలమ్మా."

"ఉంటుంది మౌసా. పిడికిలి బిగించు" అంది ఝరణా, సొంత బాబాయిని పిలిచినట్టు.

తీసిన రక్తాన్ని వెంటనే యంత్రంలో తిప్పితే పైన తేలే నీరు లేత పసుపుగా ఉంటుంది. ఆలస్యమైనా, కుదుపులు తగిలినా ఎర్రకణాలు చిట్లి గులాబీ రంగు దిగుతుంది. చిట్లిన కణాల్లోని తునకలూ కలిసి లెక్క ఉబ్బుతుంది. పక్షవాతం వార్డు గొట్టాలు ట్రాలీ మీద ఎగిరెగిరి పడుతూ వచ్చి, మధ్యాహ్నం దాకా అలాగే పడి ఉండేవి. ఆరోగ్యవంతులవి పక్కగదిలోంచి నిమిషాల్లో యంత్రంలోకి వెళ్లేవి. ఇలాగైతే లెక్క తప్పుతుందని ఝరణా రెండుసార్లు చెప్పింది. "చూద్దాంలే" అన్నాడు డాక్టరు. ఆమె మాత్రం కంటికి కనిపించిన రంగే పుస్తకంలో రాసింది. నలభై ఒక్క గొట్టాలు గులాబీ.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు గాల్లో తేలిపోయాడు.

"చూశావా అపా, ఎంత తేడానో!"

"ఆ తేడా జబ్బుది కాదు సార్. గులాబీ గొట్టాల్లోనే పెరిగింది."

డాక్టరు చేతులు శుభ్రం చేసే వాసన మందు రాసుకుంటూ నవ్వాడు. "రంగు ఎవడు చూడొచ్చాడు? కంప్యూటర్లో అన్నీ పసుపని కొట్టెయ్."

"నేను కొట్టను సార్."

"రక్తం తీసేదానివి, తీసి పో. లెక్కలు నీకెందుకు?"

మర్నాడు కంప్యూటర్లో చూస్తే నలభై ఒక్కటీ పసుపే. కింద రాసినవారు: ఝరణా బిశ్వాల్.

భువనేశ్వర్ సభలో డాక్టరుకు బహుమతి వచ్చింది. ఛెనాపోడ అనే మిఠాయి తెప్పించి అందరికీ పంచాడు. "నీ చేతి చలవే అపా" అంటూ ఓ ముక్క ఆమె నోటిదాకా తెచ్చాడు. ఆ శుభ్రమైన వేళ్లు చూసేసరికి ఓకరింపు వచ్చింది. ఏమీ తినకుండానే వెళ్లి నోరు కడుక్కుంది.

అప్పుడే చేతిరాత పుస్తకం నకలు తీయించి పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఆసుపత్రి నైతిక సంఘానికి ఇచ్చింది. నాలుగు నెలలు నానబెట్టారు. చివరికి ఆ నలభై ఒకటీ తీసేస్తే తేడా దాదాపు మాయమైంది. బహుమతి వెనక్కి పోయింది. తీర్పు కాగితంలో మాత్రం "పొరపాటున జరిగినది" అని రాశారు. డాక్టరు ఎప్పటిలాగే తన గదిలోనే ఉన్నాడు. ఝరణాను బయటి రోగుల గదికి మార్చారు.

రక్తం ఇచ్చినవాళ్లకు ఎవరూ కబురు పెట్టలేదు. మందులకని వచ్చిన గోవర్ధన్‌కు ఝరణాయే చెప్పింది, మూడుసార్లు ఇచ్చిందీ నేలపాలైందని.

అతను మాట కూడదీసుకున్నాడు. "నిన్నటి పెరుగు... ఇవాళ్టిదని అమ్మితే... జనం నా సైకిలు... కాలవలో పడేస్తారమ్మా. ఆయన్నేం చేశారు?"

"ఏం చెయ్యలేదు మౌసా."

"ఛీ" అన్నాడు. ఆ ఒక్క మాటా తడబడకుండా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఝరణా టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది. రోత డాక్టరు ఒక్కడి మీదే కాదు. మొదటి వారమే ట్రాలీకి అడ్డంగా నిలబడి అరవనందుకు తన మీద కూడా.