పదో రోజున తీసిన గుంజలు

పైఅంతస్తు పనికి మా చిన్నమ్మాయి ఫోన్లో ఒక పట్టిక తయారుచేసి మొన్న నాకు చూపించింది. ఏ రోజు ఏ పనో రంగురంగుల గీతల్లో ఉంది. స్లాబు పోశాక మాత్రం మూడు వారాలు ఖాళీ. "గీ మూడు వారాలు మేస్త్రి ఏం జేస్తడు?" అన్నాను వెంటనే. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూసే మనిషిని. అమ్మాయి తలెత్తి ముందుగది కప్పు వైపు చూసింది. నేనూ చూశాను.

ఆ కప్పు ఏళ్ల కిందట బాపు కోసం, అంటే మా నాన్న కోసం, వేయించింది. భివండిలో మగ్గాల చప్పుడు మధ్య ముప్పై ఏళ్లు కిరాయి గదుల్లో గడిపి, దగ్గు పట్టుకుని తిరిగొస్తున్నాడు. "ఇగ కిరాయింట్ల కాలు వెట్ట. వస్తె మనింట్లకే వస్త" అని ఫోన్లో తేల్చేశాడు. స్లాబు పోసిన ముప్పయ్యో రోజుకు గృహప్రవేశం ముహూర్తం. అప్పటి మేస్త్రిదేమో నిదానం. "సారూ, ఇరవై ఒక్క రోజులు స్లాబు కింద నిలవెట్టిన గుంజలు ముట్టొద్దు. నీళ్లు వట్టుడొక్కటే మీ పని. మిగిలిన తొమ్మిది రోజులల్ల గదంత చేసిస్త" అని చెప్పి, తన తాపీని మా కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. పనిముట్టు వదిలి వెళ్తే తిరిగొస్తానని మాట ఇచ్చినట్టే. నాకు మాత్రం బస్సు సీటు మీద రుమాలు వేసి చాయ్ తాగడానికి దిగిపోయిన మనిషిలా కనిపించాడు. ఆ తాపీని చూస్తేనే ఒళ్లు మండేది.

తొమ్మిదో రోజు బండి మీద నారాయణరావుపేట వెళ్తే, మా మేస్త్రి అక్కడ ఇంకెవరిదో గోడ కడుతూ కనిపించాడు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. ఆయన పలకరించేలోపే బండి తిప్పేశాను. మర్నాడు వేరే సెంట్రింగు వాళ్లను పిలిపించి గుంజలన్నీ తీయించాను. మధ్యాహ్నానికల్లా గది నడుమ కప్పు బొటనవేలంత కిందికి దిగింది. నా గుండె అంతకంటే కిందికి దిగింది.

ఫోన్ చేస్తే మేస్త్రి మనుషులతో సహా వచ్చాడు. తిట్టలేదు. గుంజలు మళ్లీ నిలబెట్టి, "అడిగితె చెప్తుంటి గద సారూ. ఇగ నెల దాక గివి కదలయి" అన్నాడు. కిటికీ పక్కన గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు చూపించాడు. మా స్లాబు రోజు, గుంజలు తీసే రోజు, గచ్చు వేసే రోజులు. నడుమ ఖాళీలో నారాయణరావుపేట గోడ. మా కప్పు గట్టిపడేదాకా తన మనుషులు పని లేకుండా కూర్చోకుండా వేసుకున్న లెక్క అది. రోజూ నీళ్లు పడుతూ అవి పిచ్చిగీతలనుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గృహప్రవేశం ఆ గుంజల నడుమే జరిగింది. నసుగుతూ జరిగిందంతా బాపుకు చెప్పాను. ఆయన కండువా తీసి గుంజకు తగిలించి, "ముప్పయ్యేండ్లు ఆగినోన్ని బిడ్డా, ఇంకో పది రోజులు ఆగనా?" అన్నాడు.

ఆ గదిలో బాపు ఉన్నది రెండేళ్లే. అమ్మాయి పట్టికలోని ఖాళీని నేను ముట్టుకోలేదు. ఆనాడు నేను ఆగలేకపోయిన ఆ కొద్ది రోజులు మాత్రం, ముందుగది కప్పులో వంపై, బాపు పోయాక కూడా, రోజూ నా నెత్తిమీదే ఉన్నాయి.