గాలి కాదు, చప్పుడు

నాలుగేళ్ల మా పాపను డాక్టరుకు చూపించడానికి ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కాను. దారిలో గొర్రెల మంద అడ్డొస్తే డ్రైవరు ఆపకుండా హారన్ కొట్టాడు. పాప చెవులు మూసుకుని, కేకలు పెడుతూ తెరిచివున్న తలుపువైపు పరుగెత్తింది. గౌను అంచు దొరకబట్టి ఒళ్లోకి లాక్కున్నాను.

“గాలి సోకినట్టుండాదే. గాలి వదిలిస్తారే, ఆ పేట దర్గాకే కదమ్మా? ఇక్కడే దిగండి,” అంటూ కండక్టరు బస్సు ఆపమని విజిల్ ఊదాడు. పాప ఇంకా గింజుకుంది.

“గాలి కాదన్నా, దీనికి చప్పుడు పడదు. ఆ విజిల్ ఆపన్నా,” అన్నాను ఏడుస్తూ.

ఆయన విజిల్ జేబులో వేసుకుని, “హారన్ కొట్టబాక,” అని డ్రైవరుకు చెప్పి, ఆత్మకూరు దాకా తలుపులో నిలబడి చెయ్యి ఊపుతూ దారి చేయించాడు.

ఇలాంటి పిల్లలకు మామూలు చప్పుడే దెబ్బలా తగులుతుందని పరిశోధనల్లో తేలిందట, డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు పూజలో గంట కొట్టను. పేరు తెలియని ఆ ఇద్దరూ చల్లగా ఉండాలని మౌనంగా మొక్కుకుంటాను.