దోమలకు విత్తులు కొట్టిన హజరత్తయ్య

మా ఉప్పుగుంటపాళెం దోమల సంగతి చెప్తే పక్కనున్న విడవలూరు వాళ్ళు కూడా నమ్మరు. నెల్లూరులో దోమ కుడితే దద్దురు లేస్తుంది. మా ఊళ్ళో కుడితే మనిషే లేస్తాడు, మంచంతో సహా. ఒకసారి రెండు దోమలు మా దూడను ఎత్తుకుపోతుంటే తాడు పట్టుకుని కిందికి లాగినవాణ్ణి నేనే. అనుమానముంటే దూడను అడగండి. ఇంటరు మధ్యలోనే కావలి కాలేజీకి నేను సెలవిచ్చేశాను కాబట్టి ఇలాంటివి చూసే తీరిక నాకే దొరికింది.

హజరత్తయ్య విషయంలో మాత్రం కోతలు కోయాల్సిన పని లేదు. ఉన్నది చెప్తే చాలు.

దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. చేసే పని కోడెలకు విత్తులు కొట్టడం. రెండు కర్రల మధ్య ఇరికించి ఒక్క నొక్కు నొక్కితే, పొగరుబోతు కోడె బుద్ధిమంతుడైన ఎద్దయి లేచేది. ఆయన వీధిలోకి వస్తుంటే కోడెలన్నీ గోడకు వెనకభాగం ఆనించి నిలబడేవి. పని అయ్యాక పసుపు, ఆముదం రాసి, దాని చెవిలో ఏదో గొణిగేవాడు.

"ఏం చెప్తుండావు మామా, దాంతో?" అని అడిగాను ఒకసారి.

"ఏముందబ్బయా, తప్పయిపోయింది, క్షమించమంటా. ఇంక నేను దానికి చెప్పేదేముంది?"

ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల్ని తినేశాయి. రొయ్యల గుంటలు వచ్చి పొలాల్ని తినేశాయి. హజరత్తయ్యకు పని పోయింది.

నిరుడు వానల్లో డెంగీ వచ్చి ఆయన కోడలు పోయింది. అదే జ్వరం మనవరాలు వెన్నెలకూ వచ్చి, నెల్లూరు ఆసుపత్రిలో ఎలాగో తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "పెద్దాయనా, ఈ జ్వరం రెండోసారి వస్తే మొదటిసారికంటే ప్రమాదం. రానివ్వకుండా చూసుకోండి" అన్నాడట. కొడుకు లారీ మీద తిరుగుతుంటాడు. పిల్ల తాత దగ్గరే. 'రానివ్వకుండా చూసుకోండి' అన్న మాట పట్టుకుని ఆ ముసలాయన ఏడాదిపాటు సరిగా నిద్రపోలేదు.

ఎలా చూసుకుంటాడు? మా ఊళ్ళో బోరు వేస్తే సముద్రమే పైకొస్తుంది. తాగే నీళ్ళు ట్యాంకరువే, అదీ దయ కలిగినప్పుడు. ప్రతి గడప ముందూ నీలం డ్రమ్ములు, ప్రతి డ్రమ్ములో ఈదే దోమపిల్లలు. మా ఆడవాళ్ళు మొగుణ్ణి బయటికి గెంటమంటే గెంటుతారుగానీ మంచినీళ్ళు పారబోయమంటే పారబోయరు.

ఆ వేసవి చివర్లో భానుప్రియ మేడమ్ జీపులో వచ్చింది. దోమల మీద పరిశోధన చేసే మనిషి. పని తేలికగానే చెప్పింది. మగదోమలు కుట్టవు. వాటిని ల్యాబులో పెంచి, ఎక్స్‌రే లాంటి కిరణాలు పెట్టి ఊళ్ళో వదులుతారు. వాటితో కలిసిన ఆడదోమ గుడ్లు పెడుతుందిగానీ ఆ గుడ్లు పిల్లలు కావు. వానలు పోయేదాకా ప్రతి వారం వదలాలి. మధ్యలో ఆపితే చేసినదంతా వృథా. ఆ దోమల పెట్టెలు ఊళ్ళో తిప్పి తెరవడానికి ఊరి మనిషి ఒకరు కావాలి.

ఆమె మాట పూర్తికాకముందే హజరత్తయ్య లేచాడు. "నేను చేస్తానమ్మా. ఈ పని నాకు తెలిసిందే."

ఆ మాటే కొంప ముంచింది.

మర్నాడు ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడినవాళ్ళకు ఆయన తనకు తెలిసిన భాషలో చెప్పాడు. "ఏం లేదమ్మా, కోడెలకు నేను చేసిందే, ఇప్పుడు దోమలకు వాళ్ళు కరెంటుతో చేస్తుండారు. విత్తులు కొట్టిన దోమలివి."

రొయ్యల గుంటల ఆసామి గంగాధరం అక్కడే ఉన్నాడు. ఆయన మాటంటే పంచాయతీ మాటే. "ఏంది హజరత్తయ్యా, విత్తులు కొట్టిన ఎద్దు ఆవు వెంట పోతుందా? పోదుగదా. మరి ఈ దోమలేం చేస్తాయి, దుక్కి దున్నుతాయా?"

జనం విరగబడి నవ్వారు. హజరత్తయ్య సాయంత్రం జీపు వచ్చేదాకా దారి కాచి మేడమ్‌ను అడిగాడు. విత్తులు కొట్టడం కాదనీ, దోమ మగతనం పోదనీ, లోపలి బీజం మాత్రమే చెడుతుందనీ ఆమె చెప్పింది. పొద్దున్నే సంబరంగా వచ్చి మళ్ళీ అదే వరసలో నిలబడ్డాడు.

"నిన్న నేను చెప్పింది తప్పన్నా. దోమ ఎగురుద్ది, ఆడదాన్ని ఎక్కుద్ది, అన్నీ బాగానే చేస్తది. చూడి మాత్రం కట్టదు. పైకి చూస్తే ఎవరికీ తెలవదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

గంగాధరం ముఖం నల్లబడింది. కొడుకు పెంచలకృష్ణకు పెళ్ళయి రెండేళ్ళయినా పిల్లల్లేరు. ఊరంతా వెనకాల అనుకుంటున్న మాటే హజరత్తయ్య తెలియక దోమల పేరుతో ముందర అనేశాడు.

"పైకి తెలవకుండా చెడగొట్టే కరెంటా? ఆ దోమలు మన మీద వాలవా? మన డ్రమ్ముల్లో పడవా? ఎద్దులు అయిపోయినాయని, ఇప్పుడు మొగోళ్ళ మీద పడినావా?"

కిరణాలు దోమను దాటి రావనీ, మగదోమ కుట్టదనీ మేడమ్ వచ్చి ఎంతో చెప్పింది. ఆమె పక్కన పెట్టె పట్టుకుని నిలబడింది మాత్రం ఈ చుట్టుపక్కల ప్రతి కోడెనూ పట్టిన చేయి. జనం ఆ చేతినే చూశారు. ఆమె చెప్పిందాంట్లో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

రెండు వారాలు పెట్టెలు తెరిచాడు. మూడో వారానికి ఆయన వీధి మొదట్లో కనబడగానే ఒకప్పుడు కోడెలు చేసిన పనే మగవాళ్ళు చేయసాగారు. కొత్త కోడళ్ళను పుట్టిళ్ళకు పంపేశారు. షాహిదాబీ కొట్లో టీ తాగుతున్నవాళ్ళు ఆయన్ని చూసి గ్లాసులు అక్కడే పెట్టి లేచిపోయారు.

"నా యాపారం పోతుండాది హజరత్తన్నా. రోంత దూరంగా కూచో," అంది షాహిదాబీ.

ఆయన తరఫున నేను మాట్లాడాను. ఎక్కడా ఉప్పూ కారం జల్లకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో ఒక్క అబద్ధమూ కలవని ఉపన్యాసం అదొక్కటే. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వి, "దూడ కథ కూడా చెప్పరా" అన్నారు.

పంచాయతీలో పెట్టెలు ఆపాలని తీర్మానించారు. హజరత్తయ్య అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నామీద కోపముంటే నేను మానుకుంటానన్నా. ఊళ్ళో కనబడను. వేరే మనిషిని పెట్టుకోండి. పెట్టెలు మాత్రం ఆపబాకండి. పాప ఉండాదన్నా నాకు."

"మాకు లేరా పిల్లలు?" అన్నాడు ఎవరో.

"ఉండబట్టే అడగతా ఉండా."

పెట్టె ముట్టుకోవడానికి ఇంకొకరు రాలేదు. ముట్టుకున్నవాడికి పిల్లనెవరిస్తారు? జీపు వచ్చి పెట్టెలు వేసుకుని పోయింది. దాని వెనకే ఆయన రోడ్డు దాకా నడిచాడు.

వానలు దిగాయి. డెంగీ దోమ పగలు కుడుతుందని మేడమ్ చెప్పి ఉంది కాబట్టి హజరత్తయ్య బడి మాన్పించి, వెన్నెలను పొద్దంతా దోమతెరలోనే కూర్చోబెట్టాడు. పుస్తకాలు అందులోనే, అన్నం అందులోనే.

"తాతా, నేనేమన్నా కోడిపెట్టనా, గంప కింద పెట్టి మూసినావు?"

"రెండు నెల్లమ్మా. వానలు పోనీ."

"వానలు పోతే దోమలు పోతాయా?"

ఆయన తెర అంచు చాప కిందికి దోపాడు. చుట్టూ ఉన్న డ్రమ్ములకు గుడ్డలు కట్టి వచ్చేవాడు. ట్యాంకరు రాగానే జనం ఆ గుడ్డలు ఊడదీసి పారేసేవాళ్ళు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం గంగాధరం గొడుగేసుకుని ఆ ఇంటికి వచ్చాడు. నేను గడపలో కూర్చుని వెన్నెలకు కబుర్లు చెప్తున్నాను. పెంచలకృష్ణ భార్య నెల తప్పిందట, ఇప్పుడు నాలుగో నెల. పెట్టెలు ఊళ్ళో తిరుగుతున్నప్పుడే తప్పిందని డాక్టరు లెక్కకట్టి చెప్పాడట. వీధిలో ఇప్పటికే ముగ్గురికి జ్వరాలు. కడుపుతో ఉన్న పిల్లకు ఈ జ్వరం తగలకూడదన్నాడట డాక్టరు.

"మేడానికి ఫోన్ చెయ్ హజరత్తయ్యా. మళ్ళీ పెట్టమను. తీర్మానం సంగతి నేను చూసుకుంటా."

హజరత్తయ్య ఫోన్ చేశాడు. మేడమ్ ఎంతో మర్యాదగానే మాట్లాడింది. దోమలు వేరే ఊరికి వెళ్ళిపోయాయి. ఈ ఏడు మళ్ళీ ఇవ్వడానికి లేదు; ఇచ్చినా వానల నడిమధ్యలో మొదలుపెడితే ప్రయోజనం లేదు.

"వచ్చే ఏడు చూద్దామంటుంది," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

"వచ్చే ఏడా? ఇంకోసారి గట్టిగా అడుగు. మా పేరు చెప్పు. ఎంతైనా ఇస్తామని చెప్పు," అంటూనే ఉన్నాడు గంగాధరం.

తెర లోపలినుంచి వెన్నెల పిలిచింది. "తాతా, తల నొస్తా ఉండాది."

హజరత్తయ్య తెర వైపు తిరిగాడు. "యాడమ్మా?"

"కళ్ళ వెనకాల."

నిరుడు తల్లీ కూతుళ్ళిద్దరూ ఇదే మాట చెప్పారు. ఆయన తెర ఎత్తి, నుదుటి మీద చేయి పెట్టి, అలాగే ఉంచాడు. గంగాధరం ఇంకా గడపకు అడ్డంగా నిలబడి, ఏ ఆఫీసరును పట్టుకుంటే పని జరుగుతుందో చెప్తున్నాడు.

"అన్నా, రోంత పక్కకు జరుగు," అన్నాడు హజరత్తయ్య, పిల్లను భుజాన వేసుకుని. "ఆటో పిలవాల."