టావ్ యువెచిన్ చైనీసు తరగతి

టావ్ యువెచిన్ మా మిడిల్ స్కూలుకు లెక్కలు చెప్పడానికి వచ్చింది, చైనీసు చెప్పడానికి కాదు. సొంత ఊరు చైనాలోని హార్బిన్. అక్కడి మంచులో పెరిగిన మనిషికి కెనడాలోని మా ఎడ్మంటన్ చలి ఒక లెక్క కాదు. మేమంతా చెవులు కప్పుకుని కార్ల దగ్గర్నుంచి పరుగెత్తుకొస్తుంటే, ఆమె టోపీ చేత్తో పట్టుకుని నింపాదిగా నడిచివచ్చేది. నేను అప్పట్లో ఆ బడి ఆఫీసులో పనిచేసేదాన్ని కాబట్టి ఈ సంగతులన్నీ దగ్గరగా చూశాను.

మా దగ్గరికి రాకముందు ఆమె చాలాకాలం ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసింది. అక్కడ పిల్లలకు సగం రోజు ఇంగ్లీషులో పాఠాలు, సగం రోజు చైనీసులో. ఆరో తరగతితో ఆ చదువు ఆగిపోయేది. తర్వాత వాళ్ళు మా బడికి వచ్చేవారు. ఇక్కడ చైనీసు ఊసే లేదు.

ఒకరోజు నడవాలో ఆమెకు మేవిస్ అనే పాత శిష్యురాలు ఎదురైంది. చిన్నప్పుడు వేదిక మీద నిలబడి పెద్ద కథంతా చైనీసులో గడగడా చెప్పిన పిల్ల. టావ్ అభిమానంగా, అన్నం తిన్నావా అని చైనీసులో అడిగింది. మేవిస్ ముఖం ఎర్రబడింది. ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది.

"అర్థమైంది టీచర్. కానీ నోరు తిరగట్లేదు."

ఆ మధ్యాహ్నమే టావ్ ఆఫీసులోకి వచ్చి, ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలంది.

మా ప్రిన్సిపాల్ ఓరెస్ట్ హావ్రిలక్ మంచివాడే, కాకపోతే గొడవలంటే భయం. ఆమె చెప్పిందంతా కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. సైన్సూ, సాంఘికశాస్త్రమూ చైనీసులో చెప్పాలట, అదీ ప్రభుత్వ బడిలో, ఇష్టమైన పిల్లలెవరికైనా. గది ఎక్కడిది, తల్లిదండ్రులకు ఎవరు సర్దిచెప్పాలి అని ఏవేవో అడ్డంకులు చెప్పి, చివరికి అసలు మాట అనేశాడు.

"టావ్ గారూ, నేను రిటైర్ కావడానికి ఇంకెంతో కాలం లేదు. నన్ను ప్రశాంతంగా వెళ్ళనివ్వరా?"

"వెళ్ళండి సార్, ఎవరొద్దన్నారు? వెళ్ళేలోపు ఒక్క మీటింగ్ పెట్టించండి చాలు."

ఆ మీటింగ్ జనవరిలో ఒక సాయంత్రం, బడి ఆటల హాల్లో జరిగింది. వచ్చినవాళ్ళలో సగంమంది వద్దని చెప్పడానికే వచ్చారు. ముందు వరసలో డారెల్ స్టోబీ కూర్చున్నాడు. పేటలో పిల్లల హాకీ జట్టుకు కోచ్, నోరున్న మనిషి. బడిని రెండు ముక్కలు చేస్తున్నారని, మనవాళ్ళ గదులూ, బ్యాండూ, ఆటలూ అన్నీ పోతాయని చాలాసేపు మాట్లాడాడు. చుట్టుపక్కల తలలు ఊగాయి. ఆఖర్న నేరుగా టావ్‌నే అడిగాడు.

"మా పిల్లకి ఇంగ్లీషులో చెప్తేనే సైన్సు బుర్రకెక్కట్లేదు మేడం. మీరు చైనీసులో చెప్తే ఇంకేం ఎక్కుద్ది?"

జనం నవ్వారు. టావ్ కూడా నవ్వింది. "అయితే ఒక పాఠం చెప్తాను, వినండి. అర్థం కాకపోతే నేను ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తను" అంది.

అంత పందెం ఎందుకు కాసిందో నాకు అర్థం కాలేదు.

అక్కడినుంచి ఆమె నోట ఇంగ్లీషు ముక్క రాలేదు. గ్లాసుడు నీళ్ళు ఎత్తి చూపించి "ష్వే" అంది. జనం గొణిగారు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినబడలేదన్నట్టు ముఖం పెట్టింది. ఈసారి గట్టిగా అన్నారు. చూరు నుంచి విరిచి తెచ్చిన మంచు ముక్క చూపించి "బింగ్" అంది. బల్లమీద మరుగుతున్న కెటిల్ మూతిలోంచి వచ్చే ఆవిరి చూపించి "చీ" అంది. తర్వాత ఆ కెటిల్‌ను చేత్తో పట్టుకుని, చైనీసులో ఏదో చెబుతూ కోట్లు వేసుకోమని సైగ చేసింది. అందర్నీ బయటికి నడిపించింది.

బయట ఊపిరి గడ్డకట్టే చలి. ఆమె మరిగే నీళ్ళను ఒక పొడవైన పాత్రలో పోసి డారెల్ చేతికిచ్చింది. గాలి ఎటునుంచి వీస్తోందో చూపించి, అతని భుజాలు పట్టుకుని తిప్పి, పైకి విసరమని చేతులతో చెప్పింది. అతను విసిరాడు. నీళ్ళు నేలమీద పడలేదు. దీపం వెలుగులో తెల్లటి మబ్బై, సన్నటి మంచుపొడిగా గాలిలో కొట్టుకుపోయాయి. ఇలాంటిది అక్కడ పుట్టిన ప్రతివాళ్ళూ చూసిందే. కానీ ఆమె ఆగి, ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, నీళ్ళు ఏమయ్యాయని చైనీసులో అడిగినప్పుడు ఎవరూ నవ్వలేదు.

"బింగ్" అన్నాడు డారెల్. ముందుగా అన్నది అతనే.

దాంతో అందరూ మారిపోయారని కాదు. కొందరు అటునుంచి అటే ఇళ్ళకు వెళ్ళిపోయారు. డారెల్ మాత్రం గుమ్మం దగ్గర ఆగాడు.

"అర్థమైందండీ, కాదనను. కానీ మా బ్యాండ్ గది జోలికొస్తే మాత్రం ఊరుకోను."

"మీ గది నాకెందుకు? విరిగిన కుర్చీలు పడేసే మూలగది ఉంది కదా, అదిచ్చినా చాలు."

వసంతంలో పై అధికారుల అనుమతి వచ్చింది. ఆ మూలగది ఖాళీ చేయడానికి డారెల్ తన ట్రక్కు తెచ్చి, సణుక్కుంటూనే కుర్చీలు మోశాడు.

సెప్టెంబరులో బడి తెరిచేసరికి అనుకున్నంతమంది పిల్లలు చేరలేదు. ఏడు, ఎనిమిది తరగతులను కలిపి టావ్ ఒకే గదిలో కూర్చోబెట్టింది. మేవిస్ వచ్చింది. పూర్వం చైనీసు ఒక్క ముక్క రాని లేసీ ఓడెగార్డ్ కూడా వచ్చింది. టావ్ పాఠాలకు పుస్తకాలు లేక, ఇంట్లో కూర్చుని తానే రాసుకునేది. ఆమె ఒంటినిండా ఓపికే. అయితే దిద్దేటప్పుడు మాత్రం కనికరం లేదు. అక్షరంలో ఒక్క గీత వంకర పోయినా మళ్ళీ రాయించేది.

నవంబరులో లేసీ తరగతి మానేసింది. ఇంగ్లీషు తరగతిలోకి మార్చమని వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. ఆ మాట చెప్పగానే టావ్ రాస్తున్న పాఠం పక్కన పెట్టేసింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నానంది. దారి తెలియదంటే తోడు వెళ్ళాను.

లేసీ సోఫాలో ముడుచుకుని కూర్చుంది. మా వైపు చూడలేదు. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చింది. చాలాసేపు వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. చివరికి పిల్లే నోరు విప్పింది.

"మీరు ఒక్కసారి కూడా బావుందనలేదు."

టావ్ కప్పు కింద పెట్టింది.

"మా అమ్మ కూడా నాతో ఎప్పుడూ అనలేదమ్మా. అలా పెంచడమే మంచి పద్ధతనుకున్నాను. నువ్వు రాసేది బావుంటుంది. ముందే చెప్పాల్సింది నేను."

క్రిస్మస్ సెలవుల తర్వాత లేసీ తిరిగి వచ్చింది. టావ్ దిద్దడం మానలేదు గానీ, ముందు బాగున్న అక్షరం వెతికి దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి, తర్వాతే తప్పుల జోలికి వెళ్ళేది. ఆ వయసులో అలవాటు మార్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీటింగులో చూపిన ధైర్యంకంటే నాకు ఇదే ఎక్కువనిపిస్తుంది.

రెండో ఏడు గది నిండింది. ఆ మరుసటేడు, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆమె దగ్గర్లోని వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. అక్కడ చైనాలోని టియెన్‌జిన్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి మంచం పట్టిన ఒక ముసలామె ఉంది. ఇంగ్లీషు రాదు. ఏమైందో చెప్పలేక, పొద్దుటినుంచీ అన్నం పళ్ళెం తోసేస్తోందట. నర్సు అటూ ఇటూ చూస్తోంది. టావ్ ఒక్క అడుగు ముందుకు వేసి, మళ్ళీ ఆగిపోయింది.

లేసీ వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. నెమ్మదిగా, తడుముకుంటూ అడిగింది. ఒకచోట మాట పలికే తీరు తప్పి అర్థం ఎటో పోయినట్టుంది, ముసలామె బోసినోటితో నవ్వి, సరిగ్గా ఎలా అనాలో పలికి చూపించింది. లేసీ మళ్ళీ అంది. ఆమె తన దవడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పసాగింది. పిల్ల అది విని, నర్సు వైపు తిరిగింది.

"పంటి నొప్పంట. గట్టివి నమల్లేకపోతోంది. జావ చేసిస్తే తాగుతానంటోంది."

నర్సు వంటగదివైపు వెళ్ళింది. ముసలామె లేసీ చెయ్యి వదలకుండా, తన ఊరి కబుర్లు ఏవో మొదలుపెట్టింది. టావ్ గుమ్మంలోనే నిలబడి, చివరిదాకా ఒక్క మాట కూడా అందివ్వకుండా వింటూ ఉండిపోయింది.