నక్కలగుట్టకి తూరుపు పక్క

మా పాతపేట సందులో మారియప్ప ఇంటిముందర ఒక పుట్టి బోర్లించి ఉంటుంది. వెదురుతో అల్లి, తోలు కప్పి, తారు పూసిన గుండ్రని పుట్టి. దాని వీపు మీద అతని భార్య కాళమ్మ మిరపకాయలు ఎండబోస్తుంది. కృష్ణగిరికి కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, "ఏమమ్మా ఇంత పెద్ద గంప, యాడ చేయించినారు?" అని అడుగుతారు. కాళమ్మ జవాబు చెప్పదు. చెప్పే పని నాకొస్తుంది. వాళ్ళకీ మాకూ నడుమ ఒకటే గోడ, పైగా అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని ఈ సందులో నేనే.

మారియప్పది గుట్టకిందపల్లి. ఆ ఊరు ఇప్పుడు లేదు. పెన్నేటికి డ్యాం కట్టినప్పుడు నీళ్ళల్లో పోయింది. గుప్పెడు ఇండ్ల పల్లి అది. ఏరు నిండుగా పారే దినాల్లో మారియప్ప జనాన్ని పుట్టిలో అవతలి గడ్డకి చేర్చేవాడు, నీళ్ళు తగ్గితే రాగిచేను చూసుకునేవాడు. ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు అందరూ తలుపులు, దూలాలు, తిరగళ్ళు బండ్లకెత్తుకొని, కూలి దొరికిన దిక్కుకి పోయినారు. కొందరు కావేరిపట్టణం, కొందరు సూళగిరి, కొందరు హోసూరు. మారియప్ప పుట్టిని నెత్తిన బోర్లించుకొని మా సందుకొచ్చినాడు. ఆ దినమే అతన్ని మొదట చూసినాను. మొహం కనిపించలేదు. పుట్టి కింద రెండు కాళ్ళు, మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఎవరయ్యా అది, తాబేలు మాదిరి నడిచొస్తా ఉండేది?" అన్నాను.

"ఈడ ఇల్లు బాడిగకి ఉందంట కదా, అక్కా," అని పుట్టి లోపల్నుంచి గొంతొచ్చింది.

డ్యాం అయినాక ముందర తోట వేసినారు, పూలచెట్లు పెట్టినారు. ఆదివారమొస్తే బెంగళూరు నుంచి కార్లు, సేలం నుంచి బస్సులు. వచ్చినవాళ్ళకి తోట చాలదు, నీళ్ళ మీద కూడా తిరగాల. మారియప్ప తన పుట్టిని నీళ్ళల్లోకి దించినాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు దించినారు. అయితే జనం మారియప్పనే వెతుక్కొనేవాళ్ళు. ఎందుకంటే అడుగున మునిగిన ఊరుంది, ఆ ఊరి మనిషి ఇతనే అని ఎవరో చెప్పిపెట్టినారు.

"మీ ఊరు చూపించప్పా," అని అడిగేవాళ్ళు.

నీళ్ళ నడుమ నక్కలగుట్ట తల మాత్రం తేలివుంటుంది. దానికి పడమటి పక్కకి తీసుకుపోయి, తెడ్డు ఎత్తిపట్టి, "ఈడే," అనేవాడు మారియప్ప. వాళ్ళు వంగి చూసేవాళ్ళు. నీళ్ళల్లో వాళ్ళ మొహాలే కనిపించేవి. ఇంక శెనక్కాయలు వొలుచుకొని తొక్కలు ఆడనే పారేసి, వక్కాకు ఉమ్మి, "లోపల ఇంకా ఎవరన్నా ఉన్నారా?" అని నవ్వుకొని తిరిగొచ్చేవాళ్ళు.

సాయంత్రం మారియప్ప వచ్చి మా తిన్నె మీద వాలిపోయేవాడు. కాళమ్మ ఆముదం వెచ్చజేసి భుజానికి రుద్దేది.

"ఆ తెడ్డు కొంచెం తేలికది చేయించుకోరాదా?" అన్నాను ఒకసారి.

"తెడ్డు వేసి కాదక్కా ఈ అలుపు. చూపించి చూపించి."

నాకొక అనుమానం ఉండేది. పెద్దల అమాస దినం గుట్టకిందపల్లి వాళ్ళు యాడ యాడ ఉన్నా డ్యాం కాడికి వస్తారు. వాళ్ళది పూడ్చే వాడిక. ఎవరి చేను గట్టున వాళ్ళు తల్లినీ తండ్రినీ పూడ్చిపెట్టుకున్నారు. ఇప్పుడు గట్టు లేదు, చేను లేదు. అందుకని మారియప్ప వాళ్ళని పుట్టిలో తీసుకుపోతాడు, ఎవరి చేని మీద వాళ్ళు నీళ్ళల్లో పాలు వదులుతారు, అన్నం ముద్ద వదులుతారు. ఆ ఒక్క దినం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. నేనొక ఏడు డ్యాం గట్టు మీద నిలబడి చూసినాను. పుట్టి నక్కలగుట్టకి పడమరకి పోలేదు. తూరుపుకి పోయింది.

"ఏమప్పా, మా హోసూరు చుట్టాలకి పడమర చూపించినావు. నీ జనాన్ని తూరుపుకి తీసుకుపోయినావు. ఊరు ఈదుకుంటా పోయిందా?"

"గాలి అట్ల తోసిందక్కా."

ఆ దినం గాలి లేదు. అయినా ఊరుకున్నాను. మనిషి అంత అలిసిపోయి ఉంటే నిలేసి అడిగేదానికి నాకే నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం ఎంత అరుదో మా సందుకి తెలుసు.

డ్యాం కట్టిన నాలుగైదేండ్లకి బెంగళూరు కాలేజీలో భూగోళం చెప్పే శ్రీరంగప్ప అనే అయ్యవారు వచ్చి మా ముందరి గదిలో బాడిగకి దిగినాడు. హోసూరు దిక్కు మనిషే, మన మాటే. నీళ్ళు రాకముందు ఈ నేల ఎట్లుండేది, జనం లేచి ఎట్లెట్ల పోయినారు, పేట ఎంత పెరిగింది, డ్యాం చూసేదానికి ఎవరెవరు వస్తున్నారు, ఇవన్నీ రాసుకొనే పని ఆయనది. నా నాలుగో క్లాసు పుస్తకంలో భూగోళం అంటే హిమాలయాలు, గంగానది. పెన్నేటి కోసం ఒక మనిషి పెట్టె సర్దుకొని వస్తాడని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఊరు పోతే మనుషులు ఏ దిక్కు పోతారో తెలుసుకోవాలమ్మా," అన్నాడు.

"కూలి దొరికే దిక్కుకి పోతారు. దీనికి బెంగళూరు నుంచి రావాలా, సారూ?"

"రావాల్సిందే. జీతమిచ్చి పంపించినారు," అని నవ్వినాడు. మంచి మనిషి.

పాత మ్యాపులో పెద్ద ఊర్లు ఉన్నాయంట, గుట్టకిందపల్లి లాంటి చిన్న పల్లెలు లేవంట. ఆడ బతికినవాళ్ళని అడిగి కొత్త మ్యాపులో పెట్టాలన్నాడు. మారియప్ప పుట్టిలో పోయి చూసొచ్చినాడు. వచ్చి దీపం కింద గీసినాడు. గుట్ట వేసి, దాని పక్కన చిన్న చుక్క పెట్టి పేరు రాసినాడు. నేను తొంగిచూసినాను. చుక్క గుట్టకి పడమటి పక్క ఉంది. నా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మాట మటుకు అనలేదు.

ఎప్పటికీ అనకుండానే ఉండిపోయేదాన్నేమో. అయితే ఆ ఏడు పెద్దల అమాసకి ముందే ఆదిలక్ష్మమ్మ వచ్చింది. గుట్టకిందపల్లిలో మారియప్ప చేని పక్క చేను ఆమెది. ఇప్పుడు హోసూరు దగ్గర మూకండపల్లిలో కూలికి పోయే కొడుకు దగ్గరుంది. మోకాళ్ళు వాచి, బస్సు దిగి మా తిన్నె ఎక్కేదానికే గోడ పట్టుకుంది. మంచినీళ్ళు ఇస్తా, మీ ఊరి పేరు మ్యాపులోకి ఎక్కిందమ్మా అని చెప్పినాను. లేచి ముందరి గదిలోకి పోయింది.

"ఏది నాయనా మా ఊరు?"

శ్రీరంగప్ప సంతోషంగా వేలు పెట్టి చూపించినాడు. తూరుపేదో, పడమరేదో, గుట్టేదో చెప్పినాడు. ఆమె చాలాసేపు చూసింది.

"గుట్టకి ఆ పక్క కాదు నాయనా. మా వాకిట్లో కూచుంటే పొద్దు గుట్ట వెనకాల కుంకేది. ఆ పక్క రాళ్ళు, కంపలు. మేకలు కూడా పోయేవి కావు. ఎవరు చెప్పినారు నీకు?"

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. మారియప్ప అప్పుడే వచ్చి తిన్నె మీద కూచున్నాడు, అంతా విన్నాడు.

"నేనే చెప్పినాను, అత్తా," అన్నాడు.

"ఎందుకప్పా?"

"మా అమ్మ కానుగచెట్టు కింద ఉంది. మామ నీ చేని గట్టున ఉన్నాడు. వాళ్ళ నెత్తిన వక్కాకు ఉమ్మించమంటావా? మ్యాపులో పడితే డ్యాం ఆఫీసువాళ్ళు తోటలో బోర్డు రాయిస్తారంట, ఈ అయ్యవారే చెప్పినాడు. ఇంక ప్రతి ఆదివారం ఆడికే పోవాల. ఆ రాళ్ళ మీద ఎంత ఉమ్మినా నాకేమీ కాదు."

ఆదిలక్ష్మమ్మ గడప మీద కూలబడింది. కోపంగా లేదు. అలిసిపోయిన గొంతుతోనే మాట్లాడింది.

"మా మనవడు మూకండపల్లిలో పుట్టినాడు. నీ ఊరేదిరా అంటే మూకండపల్లి అంటాడు. వాని తప్పేమీ లేదు. నేను పోయినాక, వాళ్ళ తాత ఈడున్నాడని వానికెవరు చూపిస్తారు? నువ్వా? నీ భుజం ఇంకెన్నేండ్లు పనిచేస్తుంది? ఊరు నీళ్ళల్లో పోయింది, సరే. కాగితంలో కూడా తప్పు జాగాలో ఉంటే, అది పోయినట్టు కాదు మారియప్పా, మనమే పారేసినట్టు."

శ్రీరంగప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు వద్దంటే ఆ పేరే తీసేస్తాను. తెలిసినాక తప్పు చోట మాత్రం పెట్టలేను," అన్నాడు.

పెడితే సరైన తావులో పెట్టాల, లేకుంటే పేరే ఉండదు. మారియప్ప తల వొంచుకొని చేతుల్లో కాయల వైపు చూసుకుంటా ఉన్నాడు. గోడ అవతల్నుంచి కాళమ్మే అంది.

"చూపించెయ్యి. ఎన్నాళ్ళని ఒక్కడివే మోస్తావు."

మర్నాడు తెల్లారగట్ల పోయినాము. నేనూ వస్తానన్నాను. వద్దంటే విననని తెలుసు గనక ఎవరూ వద్దనలేదు. ఆదిలక్ష్మమ్మ నడుమ కూచుంది. మారియప్ప నక్కలగుట్టని ఎడమ పక్క వదిలి తూరుపుకి తిప్పినాడు. ఒక చోట తెడ్డు ఆపినాడు. నాకు తక్కిన నీళ్ళకీ ఆ నీళ్ళకీ తేడా కనిపించలేదు. ఆదిలక్ష్మమ్మకి కనిపించింది. పైట కొంగు కప్పుకొని, గుట్టనీ దూరపు కొండనీ మార్చి మార్చి చూసి, "అవును," అంది.

శ్రీరంగప్ప లోతు చూసేదానికి తాడుకి రాయి కట్టి తెచ్చుకున్నాడు. అది నీళ్ళల్లోకి వదలబోతే మారియప్ప ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అంత పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నానని తెలిసి వెంటనే వదిలేసినాడు.

"ఈడ వద్దు, సారూ. లోతు నేను చెప్తాను. కానుగచెట్టు నిలువునా మునిగి, దాని మీద ఒక మనిషి మునిగేంత."

ఆయన తాడు చుట్టేసి పుట్టిలో పెట్టుకున్నాడు. అట్లనే రాసుకున్నాడు కూడా. తరవాత ఎవరి చేను యాడ, బావి యాడ, తొవ్వ యాడ అని అడిగితే మారియప్ప అన్నీ చూపించినాడు. తిరిగొచ్చేటప్పుడు తెడ్డు నేను పట్టుకుంటానన్నాను. "నువ్వు పట్టుకుంటే సాయంత్రానికి కూడా గడ్డ చేరము, అక్కా," అన్నాడు. ఆ దినమంతా అతను నవ్వింది ఆ మాటకే.

మ్యాపు బెంగళూరుకి పోయింది. ఎండాకాలానికి తోటలో బోర్డు వచ్చింది. ఆ ఆదివారమే బెంగళూరు కుటుంబం ఒకటి బోర్డు చదువుకొని మారియప్ప పుట్టి ఎక్కినారు. "గుట్టకి తూరుపు పక్కకి పోనియ్యి," అన్నారు. పోనిచ్చినాడు. గుట్ట మలుపు దాకా పోయినాడు. పుట్టిలో ఎవరో శెనక్కాయల పొట్లం విప్పినారు. మారియప్ప తెడ్డు పైకెత్తి అట్లే కూచున్నాడంట.

"ఏమప్పా, ఆపినావు?"

"చేతకాదయ్యా ఈ పొద్దు," అని పుట్టిని తిప్పుకొచ్చినాడు.

ఎప్పుడూ గట్టునే కట్టేసి వచ్చేవాడు. ఆ సాయంత్రం పుట్టిని నెత్తిన బోర్లించుకొని మా సందుకొచ్చినాడు, మొదటిసారి వచ్చినట్టే. ఇంటిముందర దించి కూచున్నాడు. నేను అడగలేదు. నీళ్ళు ఇచ్చినాను.

ఇప్పుడు మామిడి మండీలో గంపలు ఎత్తుతాడు. డ్యాంలో తక్కిన పుట్టివాళ్ళు ఉన్నారు, వాళ్ళు పోతారు తూరుపు పక్కకి. బోర్డు చూసి అడిగినవాళ్ళని కాదంటే వాళ్ళకి ఎట్లా గడుస్తుంది? శెనక్కాయ తొక్కలు ఇప్పుడు ఆడనే పడతాయి. మారియప్పకి తెలుసు. ఆదివారం డ్యాం దిక్కుకి పోడు.

పెద్దల అమాస దినం మాత్రం పొద్దున్నే కాళమ్మ మిరపకాయలు చేటలోకి ఎత్తుతుంది, మారియప్ప పుట్టిని నెత్తికెత్తుకుంటాడు. పోయినసారి ఆదిలక్ష్మమ్మని కొడుకు మోసుకొచ్చినాడు. తోటలో బోర్డు కాడ దించమంది. మ్యాపు గీసి, పేర్లు అరవం, ఇంగ్లీషు రెండింట్లో రాసినారు. ఇంగ్లీషు నాకు రాదు గానీ, పేటలో కాపురం చేస్తా చేస్తా అరవం చదివేదానికి నేర్చుకున్నాను. చదివి చెప్పినాను. ఆమె బోర్డు మీద పొద్దు కుంకే పక్క ఏదో అడిగి, గుట్టని వేలితో తాకి, ఊరి పేరుని తాకింది.

"సరిగ్గా ఉందా, అత్తా?" అన్నాడు మారియప్ప, దూరంగా నిలబడే. అతను ఆ బోర్డు దగ్గరికి రాడు.

"సరిగ్గా ఉందప్పా."

పాలు వదిలి, అన్నం వదిలి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. పుట్టి దించి, తడి తుడిచి, బోర్లించినాడు.

"భుజమెట్లుంది, మారియప్పా?" అన్నాను.

"భుజానికేమక్కా. అది బాగానే ఉంది," అన్నాడు.

మర్నాడు కాళమ్మ మళ్ళీ మిరపకాయలు పోసింది.